మూడుసార్లు చనిపోయిన తెరీసా

వెనకటి వారం మనం ప్రతిమను స్టేజి మీద చచ్చిపడి ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా పాపం అలాగే పడి ఉందేమోనని ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. లేచింది. ఆ లేవడంతోనే వచ్చింది తంటా అంతా.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నూటయాభై ఏళ్ళ కిందట ఇటలీలో తెరీసా వల్మోంతి అని ఒక గాయని ఉండేది. బండిచక్రాలు చేసుకునే ఇంట పుట్టి, మాటలన్నీ పాటలుగానే నడిచే ఒపేరా నాటకాల్లో పాడి, రాణుల చేత శాలువాలు కప్పించుకున్న మనిషి. పేరు మారుమోగిపోతున్న రోజుల్లో ఉన్నట్టుండి స్టేజి మానేసి, ఓడెక్కి, రెండేళ్ళు ఎటు పోయిందో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆవిడ మనవరాలికి మనవరాలు ఎలియొనోరా ఇప్పుడు దోహాలో పిల్లలకు పియానో నేర్పుతోంది. అలా పియానో నేర్చుకోవడానికి వెళ్ళిన పిల్లల్లో ప్రతిమ కొడుకు సిద్ధార్థ్ ఒకడు. వాడికి పియానో రాలేదుగానీ, వాణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చే వాళ్ళమ్మకు మాత్రం తెరీసా కథ మొత్తం వచ్చేసింది.

ఆ కథే శుక్రవారం తెలుగు సంఘం వేస్తున్న నాటకం. ప్రతిమ తెరీసా. బడిలో సైన్సు చెప్పుకుంటూ, ఏళ్ళ తరబడి సంఘం నాటకాలకు తెర వెనక నిలబడి అందరికీ మాటలు అందించిన ప్రతిమకు నలభై నాలుగో ఏట దొరికిన మొదటి పెద్ద వేషం ఇది. తెరీసా చివరగా పాడిన మరణగీతం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఇంట్లో నోటినుంచి నోటికి వచ్చింది. ఎలియొనోరా దాన్ని ప్రతిమకు నేర్పుతూ ఒక్కటే మాట తీసుకుంది: మా ముసలమ్మను నవ్వులపాలు చెయ్యకూడదు.

రిహార్సల్‌కు ఆవిడే స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ప్రతిమ గుండెలు కరిగేలా పాడి, చెయ్యి వాల్చి, చచ్చిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడు నాలుగో వరసలోంచి ఒక గొంతు "వన్స్ మోర్!" అని హాలు పగిలేలా అరిచింది. చచ్చిపోయిన తెరీసా చీర కుచ్చిళ్ళు సవరించుకుని లేచి నిలబడి, పాట మళ్ళీ అందుకుంది. ఎలియొనోరా ఒక్క మాట మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది.

ఇదీ జరిగింది.

మర్నాడు సాయంత్రం అల్ తుమామాలోని ప్రతిమ వాళ్ళ ఇంటి ముందు ఖయ్యూమ్ పికప్ బండి ఆగింది. ఖయ్యూమ్ నిజామాబాద్ మనిషి. అల్ షహానియాలో ఒంటెల పందేల మైదానం దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తాడు. నాటకంలో వేషం లేకపోయినా సామాన్లు మోసేది, తెర లాగేది, అందరినీ ఇళ్ళ దగ్గర దింపేది అతనే. బండిలో ఎప్పుడూ ఒంటెల దాణా వాసన, ఎప్పుడూ ఖయ్యూమ్ కబుర్లు. ఇవాళ వాసన ఉందిగానీ కబుర్లు లేవు.

ప్రతిమ మావగారు సత్యనారాయణ గారు కూడా నోరెత్తలేదు. ఆయన కరెంటు ఆఫీసులో ఇంజినీరుగా రిటైరై, కొడుకు జయంత్ దగ్గరికి దోహా వచ్చేసిన తెనాలి మనిషి. వస్తూ వస్తూ తమ నాయనమ్మ హార్మోనియం కూడా తెచ్చేసుకున్నారు. తనకు చెప్పకుండా తీసుకెళ్ళాడని తెనాలిలో ఉన్న ఆయన అక్కయ్య శకుంతల గారు అప్పట్నుంచీ ఆయనతో మాటలు మానేశారు. తమ్ముడు ఫోన్ చేస్తే తీస్తారు, గొంతు గుర్తుపడతారు, పెట్టేస్తారు. ప్రతిమకు పద్యం చదవడం నేర్పింది, స్టేజి మీద నిలబడడం నేర్పింది ఆయనే. ఈ తెరీసా వేషం కట్టించిందీ ఆయనే.

"ఏం చెప్పమంటారు మావయ్యగారూ ఆవిడకి?" అంది ప్రతిమ, బండి ఎలియొనోరా ఉండే ముఐథర్ వైపు తిరిగాక. "పాట వెనక్కి తీసుకుంటానంటే నా పని అయిపోయినట్టే. ఇంకో పాట పెట్టి తెరీసానంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

"తప్పు నాదని చెబుదాం. ప్రేక్షకుడు వన్స్ మోరంటే శవమైనా లేవాల్సిందేనని నీకు నూరిపోసింది నేనేగా."

"లేచింది నేను. కాళ్ళు వాటంతటవే లేచాయి. బుర్ర వద్దంటోంది, కాళ్ళు వినలేదు."

ఖయ్యూమ్ స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయి, "సిగ్నల్ పడ్డది" అని ఊరుకున్నాడు. సిగ్నల్ పచ్చగానే ఉంది.

ఎలియొనోరా తలుపు తీసింది. అరవై ఏళ్ళ మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రండి" అంది ఇంగ్లీషులో. ముగ్గురూ పియానో పక్కనున్న సోఫాలో బడిలో తప్పుచేసిన పిల్లల్లా ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. ఆవిడ కాఫీ కప్పులు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మేడమ్, నిన్న జరిగింది పూర్తిగా నా తప్పు" అని మొదలుపెట్టింది ప్రతిమ. "చనిపోయిన మనిషిగా పడుకుని మళ్ళీ లేవడం మా నాటకాల్లో ఉన్న అలవాటు. జనం వన్స్ మోర్ అంటే..."

"తప్పు నాది" అన్నారు సత్యనారాయణ గారు. "నేర్పింది నేను."

"సార్, ఇగ నా వల్ల గాదు" అన్నాడు ఖయ్యూమ్ ఉన్నట్టుండి. ఎలియొనోరా వైపు తిరిగి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మదామ్, అనా గల్తాన్." తప్పు నాదన్న ఆ అరబ్బీ ముక్క ఆవిడకూ తెలుసు; దోహాలో ఉంటూ అంత మాత్రం తెలియకపోదు. ఖయ్యూమ్ ప్రతిమ వైపు తిరిగాడు. "అక్కా, నిన్న వన్స్ మోర్ అని ఒర్లింది నేనే."

"నువ్వా!"

"సార్ చెప్పిండు గద. నాలుగో వరసల కూసో, మొదటి సీన్ల సంతల పాట అయినంక గట్టిగ వన్స్ మోర్ అనుమన్నడు. నేనేమో తెల్లారకముందే ఒంటెలను ఉరికిచ్చి వస్తి. ఏసీల కూసున్నంక కండ్లు మూతబడ్డయ్. సంతల పాట ఎప్పుడు వొచ్చెనో, ఎప్పుడు పాయెనో నాకు తెల్వది. చప్పట్లు ఇనవడంగనే ఉలిక్కిపడి లేసిన. గిదే గావొచ్చనుకోని ఒర్లిన. కండ్లు తెరిసి జూస్తే అక్క సచ్చిపోయి ఉన్నది."

ప్రతిమ మెల్లగా తల తిప్పి మావగారిని చూసింది. ఆయన కాఫీ కప్పులో ఏదో పోగొట్టుకున్నట్టు అందులోకే చూస్తున్నారు.

"మావయ్యగారూ! మనిషిని పెట్టించారా?"

"పెట్టించడమంటే..." సత్యనారాయణ గారు నీళ్ళు నమిలారు. "అదేమీ కొత్త కాదమ్మాయ్. పాతరోజుల్లో ప్రతి నాటక సమాజం వాళ్ళూ ఒకణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. జనానికి మొహమాటం ఉంటుంది. ఒకడు మొదలెడితే మిగతావాళ్ళు అందుకుంటారు. నీకు మొదటి వేషం కదా, ఎవరూ అనకపోతే చిన్నబోతావేమోనని..."

ప్రతిమకు ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే, ఈ పెద్దాయన తను చిన్నబోతుందని భయపడి ఒంటెలవాణ్ణి తెచ్చి నాలుగో వరసలో కూర్చోబెట్టాడన్న సంగతి మనసులోకి దిగి, మంట కాస్తా చల్లారిపోయింది. నవ్వొచ్చింది. ఎదుట ఎలియొనోరా ఉందని గుర్తొచ్చి, నవ్వును పంటి కింద అదిమిపెట్టింది.

ఇదంతా ఏమిటని అడిగింది ఎలియొనోరా. దాచి లాభం లేదు. ప్రతిమ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది: కూర్చోబెట్టిన మనిషి, ఆ మనిషి నిద్ర, తప్పు చోట పడ్డ కేక, తన మాట వినని కాళ్ళు. చెబుతున్నంతసేపూ ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. చెప్పడం అయ్యాక, "పాట వెనక్కి తీసుకుంటానంటే మీ ఇష్టం. తీసుకోకండి అని అడిగే హక్కు నాకు లేదు. కానీ అడుగుతున్నాను" అంది ప్రతిమ.

ఎలియొనోరా లేచి కిటికీ దగ్గరికెళ్ళి వీపు తిప్పి నిలబడింది.

"నాకు కోపం వచ్చి వెళ్ళిపోయాననుకున్నారా?" అంది. "ముందు వరసలో కూర్చుని అంతమంది ఎదుట వెక్కి వెక్కి ఏడవడం సిగ్గనిపించి వెళ్ళిపోయాను. మా తెరీసా సరిగ్గా అలాగే లేచింది."

ముగ్గురూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు.

"మా ఇంట్లో ఇది బయటికి చెప్పరు. మా అమ్మమ్మ నాకు చెప్పింది, అదీ తలుపు వేసి చెప్పింది." ఆవిడ వచ్చి కూర్చుంది. "ఆ చివరి నాటకం రాత్రి తెరీసా నాలుగేళ్ళ కూతుర్ని మొదటిసారి ఒపేరాకు తీసుకొచ్చారు. తల్లి పాట పాడి స్టేజి మీద చచ్చిపడిపోయింది. పిల్ల హడలిపోయింది. పక్కన బాల్కనీలోంచి 'అంకోరా!' అని గట్టిగా అరిచింది. అంటే 'మళ్ళీ' అని. వాళ్ళిద్దరికీ ఇంట్లో ఒక ఆట ఉండేదట. తల్లి జోలపాట పాడి, చివర్లో చచ్చిపోయినట్టు తల వాల్చేస్తుంది. పిల్ల 'మళ్ళీ' అంటే లేస్తుంది."

"లేచిందా?" అంది ప్రతిమ.

"లేవకుండా ఎలా ఉంటుంది? తల్లి కదా. లేచి, పాట మొత్తం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయింది. జనానికి అది పిచ్చిపిచ్చిగా నచ్చేసింది. హాలు హాలంతా అరిచింది. పిల్ల కూడా అరిచింది. మూడోసారి మాత్రం ఆవిడ ఒపేరా పాట పాడలేదు. కూతురి వైపు తిరిగి, ఇంట్లో పాడుకునే జోలపాట పాడేసింది. అంత పెద్ద నాటకశాలలో, పక్కన అన్ని వాయిద్యాలుండగా, ఒట్టి గొంతుతో."

ఖయ్యూమ్‌కు సగమే అర్థమైంది. ప్రతిమ మిగతా సగం తెలుగులో చెప్పింది. "మంచి పని చేసింది" అన్నాడతను.

"మర్నాడు పత్రికలన్నీ వెక్కిరించాయి. పెట్టెలోంచి పైకి లేచే ఆటబొమ్మ అని రాశారు. మేనేజరు పొమ్మన్నాడు. తెరీసా కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి ఓడెక్కింది. మా వాళ్ళకు నాలుగు తరాలుగా అదొక తలవంపు. నాకూ అంతే, నిన్నటిదాకా." ఎలియొనోరా ప్రతిమ చెయ్యి పట్టుకుంది. "నిన్న నువ్వు లేచి బట్టలు సవరించుకుని నిలబడగానే ఒక్కరు కూడా వెక్కిరించలేదు. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆవిడ తప్పేమీ చెయ్యలేదని నాకు మొదటిసారి అనిపించింది. తప్పల్లా పుట్టకూడని ఊళ్ళో పుట్టడమే."

"మా తెనాలిలో పుట్టాల్సింది" అన్నారు సత్యనారాయణ గారు గర్వంగా.

పాట పోలేదు. ప్రతిమకు ఒంట్లోంచి పెద్ద బరువేదో దిగిపోయినట్టయింది. చల్లారిపోయిన కాఫీ గడగడా తాగేసింది. కానీ ఎలియొనోరా వేలెత్తి ఒక షరతు పెట్టింది: శుక్రవారం ఎవర్నీ కూర్చోబెట్టకూడదు. జనం నిజంగా అడిగితేనే లేవాలి. అడక్కపోతే చచ్చినట్టు పడుండాలి. సత్యనారాయణ గారు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశారు. ఖయ్యూమ్ ఆ రోజుకు సెలవు పెట్టి ముందే నిద్రపోయి వస్తానని మాటిచ్చాడు.

"ఇంకొకటి" అంది ఎలియొనోరా. "నిజంగా అడిగితే, మూడోసారి నువ్వేం పాడాలో నేర్పాలి కదా. ఆ జోలపాట మా ఇల్లు దాటి ఎన్నడూ బయటికి పోలేదు."

పియానో ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉయ్యాల ఊపుతున్నట్టు కొంచెం కదులుతూ అందుకుంది. చిన్న పాట. రెండు మెట్లు ఎక్కి ఒక మెట్టు దిగే నడక. ప్రతిమ కళ్ళు మూసుకుని, వెంటవెంటనే లోలోపల అనుకుంటూ వింటోంది. సగం దాకా వచ్చేసరికి ఎలియొనోరాకు దుఃఖం పొంగి గొంతు ఆగిపోయింది.

పాట మాత్రం ఆగలేదు.

ప్రతిమ కళ్ళు తెరిచింది. సత్యనారాయణ గారు పాడుతున్నారు. మాటల్లేవు, ఒట్టి "ళాళాళా". కానీ ఎలియొనోరా ఇంకా పాడని సగం, అదే నడకలో, ఎక్కడా తడుముకోకుండా పాడుతున్నారు. పాట చివరికొచ్చింది. ఆయన తల ఛాతీ మీదికి ఠక్కున వాలిపోయింది. చెయ్యి సోఫా మీంచి జారి కిందికి వేలాడింది.

"యా అల్లా! సార్!" ఖయ్యూమ్ ఎగిరి లేచాడు. "అక్కా, సార్ పోయిండు!"

ఎలియొనోరా ముఖం తెల్లబోయింది. ముందుకు వంగి, చిన్నపిల్ల గొంతుతో మెల్లగా అంది.

"అంకోరా."

సత్యనారాయణ గారు ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది. లేచి నిటారుగా కూర్చుని, తనేం చేశాడో తనకే అప్పుడు తెలిసినట్టు అందరినీ మార్చి మార్చి చూశారు.

"మా నాయనమ్మ..." అన్నారు. "మా నాయనమ్మ మమ్మల్ని ఇలాగే ఆడించేది. నన్నూ, మా అక్కయ్యనీ. పాడి పాడి చచ్చిపోయేది. మేం 'మళ్ళీ' అని అరిస్తే లేచేది. మూడుసార్లు లేచి, ఇంక లేవనర్రా అని దుప్పటి కప్పేసుకునేది. ఇది మా ఇంటి ఆట మేడమ్. మీకెలా తెలుసు?"

"అది నేనడగాలి" అంది ఎలియొనోరా. "ఆ ఓడ ఏ రేవుకు వెళ్ళిందో మాకిప్పటికీ తెలియదు. రెండేళ్ళ తర్వాత ఆవిడ తిరిగొచ్చింది. ఒక్క ముక్క చెప్పలేదు. పాటలు నేర్పుకుంటూ బతికింది. ఒక పిచ్చి అలవాటు మాత్రం చచ్చేదాకా పోలేదని అమ్మమ్మ నవ్వేది. ఏ పూటైనా సరే, చివర్లో ఇంత అన్నంలో పెరుగు కలుపుకుని తినందే బల్ల దగ్గర్నుంచి లేచేది కాదట."

ప్రతిమ వేళ్ళ మీద తరాలు లెక్కపెట్టింది. మావగారి నాయనమ్మకు ఆ ఆట వాళ్ళమ్మ దగ్గర వచ్చి ఉంటుంది. వాళ్ళమ్మకు ఎవరి దగ్గర వచ్చింది?

"ఇప్పుడు నాకు మీ నాటకం చివరి సీను నచ్చడం లేదు" అంది ఎలియొనోరా కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. "అందులో ఆవిడ చచ్చిపోతుంది. ఆవిడ చచ్చిపోలేదు. ఆ తర్వాత కూడా ఎక్కడో లేచింది. ఎక్కడ లేచిందో నాకు తెలియాలి. శుక్రవారం లోపల తెలియాలి. మీ ఇంట్లో ఎవరైనా చెప్పగలరా?"

సత్యనారాయణ గారు నెమ్మదిగా తలూపారు. "ఒక్క మనిషి ఉంది. నాయనమ్మ పక్కలో పడుకుని ఆవిడ కథలన్నీ విన్న మనిషి. కానీ నా గొంతు వింటే ఫోన్ పెట్టేస్తుంది."

"పెద్దత్తయ్యగారా?" అంది ప్రతిమ. ఆ అడగడంలోనే ఫోన్ తీసి నంబరు నొక్కేసింది. స్పీకర్ పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచింది. "మాట్లాడండి."

"వద్దమ్మాయ్. హార్మోనియం తెచ్చానని ఇంకా..."

"ఎవరూ?" అంది ఫోన్‌లోంచి ఒక ముసలి గొంతు. వెనక ఎక్కడో టీవీ మోగుతోంది.

సత్యనారాయణ గారు ఫోన్ దగ్గరికి జరిగారు. అక్కయ్యా అనబోయారు, రాలేదు. అడగవలసినవి, క్షమించమనవలసినవి బోలెడున్నాయి, ఒక్కటీ రాలేదు. ఖయ్యూమ్ చేత్తో మాట్లాడమని సైగ చేశాడు.

"ఎవరండీ? మాట్లాడకపోతే పెట్టేస్తున్నా."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, మాటలకు బదులు ఆ పాట అందుకున్నారు. రెండు మెట్లు పైకి, ఒక మెట్టు కిందికి. గొంతు జీరపోయింది, అయినా వదల్లేదు. అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. పాట చివరికొచ్చింది. ఆయన తల వాల్చేశారు. చూసేవాళ్ళు లేని ఫోన్‌కు తల వాల్చి ఏం లాభమని ఎవరికీ తోచలేదు.

పెట్టేశారేమోనని ప్రతిమ ఫోన్ వైపు వంగింది.

"మళ్ళీ!" అంది శకుంతల గారి గొంతు.

సత్యనారాయణ గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో ప్రతిమకు తెలియలేదు.

"మళ్ళీ పాడు సత్యం" అంది అక్కయ్య. "కానీ అది అక్కడితో అయిపోదురా. నువ్వు అప్పటికే నిద్రపోయేవాడివి. నాయనమ్మ దుప్పటి కప్పుకున్నాక నాకొక్కదానికే పాడేది. మిగతా పాట నా దగ్గరుంది."